ఆయ్ అన్నది నిజమే

ఫ్లాష్ వెలిగింది. బంతి రింగును తప్పి, బోర్డు అంచుకు కొట్టుకుని బయటికి దూకింది.

వెంటనే విజిల్. రెఫరీ రెడ్డెప్ప ఆట ఆపి, రింగు వెనక గీత దగ్గర కెమెరాతో చతికిలబడి ఉన్న లక్ష్మీతులసి మీదికి నడిచి వచ్చాడు.

"ఏందమ్మా ఇది? పెండ్లి అనుకుంటివా? పైకెగిరిన పిల్ల కండ్లలోకి లైటు కొడితే దానికి రింగు యాడ కనపడుతుంది?"

"తప్పయిపోయిందండి. అలవాటులో నొక్కేసేనండి."

"ఇంకోసారి వెలిగితే కెమెరా బయట, నువ్వూ బయట."

"ఆయ్," అంటూనే తులసి ఫ్లాష్ ఊడదీసి సంచిలో పడేసింది. గ్యాలరీలో పిల్లలు గొల్లున నవ్వారు.

అమలాపురంలో తులసి స్టూడియో తెలియని పెళ్లివారు లేరు. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు. ఇన్నాళ్లూ ఆమె పనంతా కుదురుగా నిలబడే మనుషులతోనే. పరుగెత్తేవాళ్లను తీయడం ఇదే మొదలు. తరంగిణి స్కూలు చైర్మన్ సూర్యప్రకాష్ గారు స్వయంగా ఫోన్ చేశారు. కొత్తగా కట్టించిన ఇండోర్ స్టేడియంలో హైస్కూలు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ పోటీలు. "ఆడపిల్లల ఆట కదమ్మా, ఆడమనిషి తీస్తేనే పద్ధతిగా ఉంటాది" అన్నారు. ఆయన ఇంట్లో ఏ శుభకార్యమైనా తులసి కెమెరాయే. కాదనే ప్రశ్న లేదు.

తీరా వచ్చి చూస్తే హాలు కంటికి వెలుగ్గానే ఉంది, కెమెరాకు మాత్రం చీకటి. షట్టర్ వేగం తగ్గిస్తే పరుగెత్తే పిల్ల పొగలా సాగిపోతోంది. పెంచితే ఫొటో నల్లబడుతోంది. పైగా ఆ ఎల్ఈడీ లైట్లు కంటికి తెలియకుండా మిణుకుతున్నాయి. ఒక ఫొటోలో మొహం తెల్లగా, మరుసటి దానిలో అదే మొహం మీద అడ్డంగా నల్లటి పట్టీ.

రెండు మ్యాచ్‌లు పాడయ్యాక తులసికి కిటుకు దొరికింది. పెళ్లికూతుళ్ల కళ్లు దగ్గరగా తీసే, వెలుగు ఎక్కువ పట్టే లెన్స్ పెట్టింది. ఉన్న వెలుగునే ఎక్కువ లాగేలా ఐఎస్ఓ పెంచి, ఫొటో గరుకుగా వచ్చినా సరే అనుకుంది. బంతిని చూడటం మానేసి మొహాలు చూడసాగింది. ఎగిరిన మనిషి కిందికి దిగే ముందు గాలిలో ఒక రెప్పపాటు ఆగుతుంది. ఆ రెప్పపాటు కోసం కాచుకుని, మీట నొక్కి పట్టేసి, వరసగా ఫొటోలు కురిపించడమే. అన్నిటికీ నల్లపట్టీ పడదు. ఒక్కటైనా దక్కుతుంది.

ఎక్కువసార్లు దక్కింది లక్ష్మీదుర్గ.

మొగపాలెం ప్రభుత్వ హైస్కూలు కెప్టెన్. పదో తరగతి. సముద్రం మీద పడవ నడిపే దొరబాబు కూతురు. ఆ బడికి కోర్టు లేదు. చేపలు ఎండబెట్టే సిమెంటు కళ్లం పక్కన గుంజ పాతి, దానికి రింగు కట్టి నేర్చుకున్నారు. మొదటి మ్యాచ్ అయ్యాక నీళ్లు తాగుతూ తులసితో అంది: "ఇక్కడ గాలి లేదక్కా. మా ఊళ్లో అయితే సముద్రం గాలికి బంతి పక్కకి పోతాది. ఎంత పోతాదో చూసుకుని ఎయ్యాలి. ఇక్కడ ఎటేస్తే అటే పోతంది. ఇదేం ఆటక్కా, మరీ సులువు!"

సులువుగానే ఆడుకుంటూ వచ్చింది. తరంగిణి జట్టూ, మొగపాలెం జట్టూ అప్పటికే ఫైనల్ చేరాయి. సాయంత్రం ఫైనల్. అందులో ఆడినవాళ్లలోంచే జిల్లా జట్టును ఎంచుతారు. ఈలోగా అవే రెండు జట్లకు ఉదయం ఒక లీగ్ మ్యాచ్ మిగిలింది. ఓడినా గెలిచినా లెక్కలోకి రాని మ్యాచ్.

అందులోనే జరిగింది.

బోర్డు నుంచి తిరిగొచ్చిన బంతి కోసం నలుగురైదుగురు ఒక్కసారే ఎగిరారు. తులసి మీట నొక్కి పట్టింది. కిందికి దిగేసరికి తరంగిణి అమ్మాయి కీర్తి నేల మీద ఉంది. ముక్కులోంచి నెత్తురు. కీర్తి చైర్మన్ గారి తమ్ముడి కూతురు.

గ్యాలరీ మొత్తం లేచింది. "కొట్టింది! కొట్టింది!" అని తరంగిణి పిల్లల అరుపులు. రేకుల కప్పు కింద ఆ గోల తిరిగి తిరిగి మోగుతోంది. రెడ్డెప్ప విజిల్ ఊదుకుంటూ గుంపులోకి వచ్చి, బంతి పట్టుకుని నిలబడ్డ దుర్గ వైపు వేలు చూపించాడు.

"దుర్గా! మోచేత్తో కొట్టినావా?"

"ఆయ్," అంది దుర్గ, సరిగ్గా వినబడక చెయ్యి చెవి వెనక పెట్టుకుని అతనివైపు వంగుతూ.

రెడ్డెప్ప పిడికిలి పైకి లేచింది. ఆట నుంచే కాదు, టోర్నమెంటు నుంచే బయటికి.

దుర్గ బంతి వదల్లేదు. మొగపాలెం డ్రిల్లు మాస్టారు దానం పరుగెత్తుకొచ్చారు. "అదేంటండి! పిల్లేం చేసిందండి?"

"దాన్నే అడగండి సార్. అడిగినా, ఒప్పుకునింది."

"ఎప్పుడు ఒప్పుకున్నాను?" దుర్గ గొంతు గ్యాలరీ గోలను కోసుకుని పైకి వచ్చింది. "పేరెట్టి పిలిచేరు, ఆయ్ అన్నాను! పెద్దోరు పిలిస్తే పలక్కపోతే పొగరంటారు. పలికితే తప్పు ఒప్పుకున్నట్టా?"

రెడ్డెప్పకు ఆ గోలలో సగమే వినిపించింది. వినిపించిన సగం పొగరుగానే అనిపించింది. గీత బయటికి వేలు చూపించాడు.

తులసి కెమెరా తెర మీద ఫొటోలు వెనక్కి జరుపుకుంటూ వచ్చి ఆగిపోయింది. మొదటి ఫొటోలో దుర్గ రెండు చేతులూ తల పైన బంతి మీద ఉన్నాయి. రెండో దానిలో సగానికి నల్లపట్టీ. కీర్తి మొహం పట్టీలోకి పోయింది కానీ, ఆ మొహం మీదికి వెనకనుంచి దిగిన మోచెయ్యి మాత్రం వెలుగులో ఉంది. ఆ మోచేతికి పైన తరంగిణి వాళ్ల నీలం జెర్సీ ఉంది. మూడో దానిలో కీర్తి పడిపోతోంది. దుర్గ చేతులు ఇంకా బంతి మీదే ఉన్నాయి.

సొంత జట్టు పిల్లే తగిలించింది. కావాలని కాదు. గుంపులో అలా తగిలింది.

అప్పుడే చైర్మన్ గారి మనిషి వచ్చాడు. "అయ్యగారు పిలుస్తున్నారండి. కెమెరా తెమ్మన్నారు."

* * *

ఆఫీసు గదిలో ఏసీ చల్లగా ఉంది. సూర్యప్రకాష్ గారు కళ్లజోడు పైకి జరిపి, మూడు ఫొటోలూ పెద్దవి చేసి చేసి చూశారు. నిజం తెలిస్తే ఆయన సంతోషిస్తారనుకుంది తులసి. దుర్గను వెనక్కి పిలిపిస్తారనుకుంది.

"మంచి కెమెరా అమ్మా," అన్నారాయన.

"ఆయ్."

"కొత్త హాలు. మొదటి టోర్నమెంటు. పేపరోళ్లొచ్చేరు. ఇప్పుడు మనోళ్లే మనోళ్లని కొట్టుకున్నారని బయటికి పోతే ఏం బాగుంటాది చెప్పు?"

"ఆయ్."

"రెఫరీ చెప్పేసేరు, అయిపోయింది. ఆ మొగపాలెం పిల్ల వచ్చే ఏడు ఆడుకుంటాది. కొంపేం మునగలేదు. ఈ మూడూ చెరిపెయ్యి. సాయంత్రం మన పిల్లలు కప్పు పట్టుకున్నప్పుడు మాత్రం బ్రహ్మాండంగా తియ్యాలి. సరేనా?"

"ఆయ్."

కెమెరా తిరిగి ఇచ్చేశారు. చెరిపిందో లేదో చూడాలన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు. ఆ గదిలో ఆయ్ అన్నవాళ్లెవరూ ఇంతవరకూ మాట దాటలేదు మరి.

తులసి బయటికి వచ్చి వరండాలో నిలబడింది. బొటనవేలు చెరిపే మీట మీదే ఉంది. వచ్చే ఏటికి దుర్గ పదో తరగతి అయిపోతుంది. హైస్కూలు పోటీలు ఇక ఉండవు. ఆ సంగతి చైర్మన్ గారికి తెలియక కాదు.

"ఏమ్మా ఫొటోలమ్మా!"

మెట్ల మీద మొగపాలెం జనం కూర్చుని ఉన్నారు. పిలిచింది దుర్గ నాయనమ్మ అప్పాయమ్మ. ఒళ్లో టిఫిన్ క్యారేజీ, నోట్లో చుట్ట. చుట్ట వెలిగించి లేదు. స్కూలు ఆవరణలో తాగకూడదని ఎవరో చెబితే, వెలిగించకుండా నోట్లో పెట్టుకుంది.

"నువ్వు సరిగ్గా ఆ గంప కిందే కూకున్నావు గదా. నా మనవరాలు కొట్టిందా?"

"లేదు మామ్మగారూ."

"నీ డబ్బాలో పడిందా?"

"పడింది."

"మరి ఆ ఈలాయనకి చూపించవే?"

తులసి తల దించుకుంది. "చెరిపెయ్యమన్నారండి, చైర్మన్ గారు."

"నువ్వేమన్నావు?"

"ఆయ్ అన్నాను."

అప్పాయమ్మ చుట్ట తీసి చేతిలో పట్టుకుని పగలబడి నవ్వింది. "నువ్వూ ఆయేనా! ఓసి నీ దుంపతెగ! అది పలికినందుకు దాన్ని గెంటేసేరు. నువ్వు పలికినందుకు నీకు ఏసీలో కూకోబెట్టి మర్యాద చేసేరు. ఒకటే ఆయ్ గదే, నీకో రేటు దానికో రేటా?"

పక్కనున్నవాళ్లు కూడా నవ్వారు. తులసి నవ్వలేదు. ఆ గదిలో తను ఎన్ని ఆయ్‌లు అందో తలుచుకుంది. ఒక్కటీ ఒప్పుకుని అన్నది కాదు. ఆయన మాట్లాడుతున్నారు, తను వింటోంది, అంతే. విన్నంత మాత్రాన చెయ్యాలని ఎక్కడుంది?

బొటనవేలు మీట మీదనుంచి తీసేసింది.

"దానం మాస్టారెక్కడున్నారు మామ్మగారూ?"

* * *

కోర్టు పక్కన అధికారుల బల్ల దగ్గర రెడ్డెప్ప పెరుగన్నం తింటున్నాడు. అనంతపురం వైపు మనిషి. ఉద్యోగరీత్యా ఈ మధ్యే ఈ జిల్లాకు వచ్చాడు. దానం మాస్టారు, తులసి, వాళ్ల వెనక మొహం గంటు పెట్టుకుని దుర్గ వచ్చి నిలబడ్డారు.

తులసి కెమెరా ముందుకు చాపింది. రెడ్డెప్ప ఎడమచేత్తో దాన్ని పక్కకు నెట్టాడు.

"ఫొటో నాకు పనికి రాదమ్మా. రూలు లేదు. రేపు ఒక్కొక్కరూ ఒక్కో ఫొటో పట్టుకోనొస్తే ఆట ఆడించేదెట్ల?"

"పోనీ తమరి కంటితో చూసేరా అండి, పిల్ల కొట్టడం?" అన్నారు దానం మాస్టారు.

రెడ్డెప్ప ముద్ద ఆపాడు. అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి. "చూళ్లా. గుంపు అడ్డం ఉన్నింది. అందుకే ఆ పిల్లనే అడిగినా. అవునని చెప్పింది. చెప్పినాక నేనేం జేసేది?"

"అవునన్లేదండి. ఆయ్ అందండి."

"ఆయ్ అంటే ఏంది మరి?"

"ఆయ్ అంటే..." దానం మాస్టారు తడుముకున్నారు. "ఆయ్ అంటే ఆయేనండి."

"ఇదేంది సార్ ఇది!"

"అంటే, చెప్పండి, వింటున్నానండి, అని అర్థమండి. పిలిస్తే ఆయ్. చెప్తుంటే ఆయ్. ఒప్పుకుంటే కూడా ఆయేననుకోండి. అది వేరే ఆయ్."

"మూడు ఆయ్‌లు! యాది యాదో నాకెట్ల తెల్సేది?" రెడ్డెప్ప చెయ్యి కడుక్కుని వచ్చాడు. మొహంలో చిరాకు ఉంది, కానీ ఆలోచన కూడా మొదలైంది. "ఈ ఊరోళ్లనెవరినైనా పెద్దమనిషిని అడగాల."

పెద్దమనిషి అడక్కుండానే వచ్చారు. బల్ల దగ్గర గుంపు చేరిందని విని సూర్యప్రకాష్ గారు తెల్ల చొక్కా సర్దుకుంటూ వచ్చి నిలబడ్డారు. తులసి చేతిలో కెమెరా చూశారు. చెరిపేసే ఉంటుందన్న ధీమాతో చూపు తిప్పుకున్నారు.

"చైర్మన్ సార్, ఒక మాట," అన్నాడు రెడ్డెప్ప.

"ఆయ్."

"మీరు ఈ నేల మీదనే పుట్టి పెరిగినోళ్లు."

"ఆయ్."

"పొద్దున నేనడిగితే ఈ పిల్ల ఆయ్ అనింది. మీరూ అప్పుడు ముందు వరసలోనే ఉన్నారు."

"ఆయ్. నేనూ విన్నానండి."

"ఆయ్ అంటే అవునని ఒప్పుకున్నట్టేనా?"

"ఆయ్! ముమ్మాటికీ అంతేనండి. ఈ గోదావరి నీళ్లు తాగినోడెవడినైనా అడగండి. ఆయ్ అంటే అవుననే. అవునన్నాక మళ్లీ పంచాయితీ ఏంటండి, రెఫరీ గారు ఒకసారి ఇచ్చిన తీర్పు..."

"ఆ ఫొటోలు చెరిపెయ్యమని నాకు చెప్పింది కూడా తమరే కదండి?" అంది తులసి పక్కనుంచి.

"ఆయ్..."

నోరు తన దారిన తను అనేసింది. ఆ తర్వాత ఆయన ఆగారు.

రెడ్డెప్ప మెల్లగా తల తిప్పాడు. "ఏం ఫొటోలు సార్?"

"అబ్బెబ్బే! అది... అమ్మాయి ఏదో అడిగింది, ఊఁ చెప్పు, వింటున్నానన్నట్టు అన్నానండి. అవునని కాదండి!"

"అదేనండి!" దుర్గ ఒక్క అడుగు ముందుకు వేసింది. "సరిగ్గా అదేనండి నేనూ అంది!"

దానం మాస్టారు నవ్వు ఆపుకోలేక తల పక్కకు తిప్పుకున్నారు. రెడ్డెప్ప నవ్వలేదు. చైర్మన్‌నూ, పదో తరగతి పిల్లనూ మార్చి మార్చి చూశాడు.

"సార్, రెండింటిలో ఒకటి చెప్పండి. ఆయ్ అంటే అవునా, వింటున్నాననా? అవునంటే పిల్ల ఒప్పుకున్నట్టు. మీరు ఫొటోలు చెరిపేయమన్నారని మీరూ ఒప్పుకున్నట్టు. అట్లయితే నేను జిల్లా సంఘానికి రెండూ రాసి పంపాల. వింటున్నానని అంటే మీకూ ఇబ్బంది లేదు, పిల్లకూ లేదు. మీకొక అర్థం, దానికొక అర్థం పెట్టే రూలు నా దగ్గర లేదు."

సూర్యప్రకాష్ గారి మెడ ఎర్రబడింది.

"వింటున్నాననే," అన్నారు చివరికి.

"అయితే పిల్ల ఒప్పుకోలేదు. నేను చూడలేదు. చూడని దానికి శిక్ష లేదు." రెడ్డెప్ప దుర్గ వైపు తిరిగాడు. "సాయంత్రం ఆడుకో పాప. ఇంకోసారి నేను ఏమన్నా అడిగితే అవును, కాదు అని చెప్పు. ఆ మూడో మాట నాకొద్దు."

"ఆయ్," అంది దుర్గ, వెంటనే నాలిక కరుచుకుని, "అవునండి!"

చైర్మన్ గారు తులసి దగ్గరికి వచ్చారు. గొంతు తగ్గించారు కానీ పక్కనున్నవాళ్లందరికీ వినబడుతూనే ఉంది.

"చెరిపెయ్యమంటే ఆయ్ అన్నావు కదా నాతోటి?"

"అన్నది నిజమేనండి. తమరు చెప్పింది శుభ్రంగా విన్నానండి." తులసి కెమెరా బెల్టు భుజం మీదికి ఎక్కించుకుంది. "చెరపలేదండి. చెరపనండి."

"నా హాల్లో నిలబడి నాతోటేనా?"

"తమరి హాలేనండి. ఫొటో నాదండి."

ఇన్నేళ్లలో ఆయన మాటకు ఆమె ఇచ్చిన జవాబుల్లో ఆయ్ లేనివి ఇవే మొదలు. అనేశాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

"ఇంక నువ్వు ఎల్లచ్చు. మా పిల్లల ఫొటోలు మావోళ్లు ఫోన్లలో తీసుకుంటారు. రింగు కింద నీ కెమెరా కనబడిందంటే బాగోదు."

"రింగు కింద కనబడదండి," అంది తులసి.

* * *

ఫైనల్ మొదలయ్యేసరికి తులసి గ్యాలరీలో మొగపాలెం జనం మధ్య, అప్పాయమ్మ పక్కన కూర్చుని ఉంది. అక్కడినుంచి రింగు దూరం. మధ్యలో తలలు. లెన్స్ మార్చింది. ఇది అంత వెలుగు పట్టదు. పట్టినంత పట్టనీ అనుకుంది.

తరంగిణి వాళ్లు ఆషామాషీ జట్టు కాదు. కోచ్ ఉన్నాడు, బూట్లున్నాయి, రోజూ ఇదే నేల మీద ఆట. కీర్తి ముక్కులో దూది పెట్టుకుని దిగింది. దిగుతూనే వరసగా బుట్టలు వేసింది. దుర్గ మీద ఇద్దరిని కాపలా పెట్టారు. బంతి అందితే చాలు, ఇద్దరూ గోడల్లా నిలబడుతున్నారు. సగం ఆట అయ్యేసరికి మొగపాలెం బాగా వెనకబడింది.

"చేపలు ఒడ్డున పడ్డాయి రోయ్!" అని తరంగిణి గ్యాలరీలోంచి ఒక కుర్రాడు అరిచాడు.

"పడితే వండుకో, ముళ్లు చూసుకుని తిను!" అని అప్పాయమ్మ ఇక్కణ్నుంచి.

విరామంలో దుర్గ తన జట్టుకు ఏం చెప్పిందో తులసికి వినపడలేదు. చేతులతో చూపించడం మాత్రం కనిపించింది. తర్వాత ఆట మారింది. దుర్గ బంతి తనకోసం అడగడం మానేసింది. ఇద్దరు కాపలావాళ్లనూ వెంటబెట్టుకుని ఒక మూలకు పోవడం, ఖాళీ అయిన చోట మరో పిల్ల బంతి వెయ్యడం. ఒకటి, ఇంకొకటి. తరంగిణి కోచ్ గీత మీద నిలబడి అరుస్తున్నాడు. తేడా తరిగిపోతూ వచ్చింది.

ఆట చివరికొచ్చింది. మొగపాలెం ఒక్క పాయింటు వెనక ఉంది. అప్పుడు దుర్గ బంతితో దూసుకుపోయింది. నీలం జెర్సీ ఒకటి అడ్డంగా వచ్చి ఢీకొట్టింది. ఇద్దరూ పడ్డారు. విజిల్.

ఈసారి రెడ్డెప్ప ఎవరినీ ఏమీ అడగలేదు. తన కంటితోనే చూశాడు. దుర్గకు రెండు ఫ్రీ త్రోలు.

దుర్గ గీత దగ్గర నిలబడింది. రింగుకూ ఆమెకూ మధ్య ఎవరూ లేరు. హాలు ఒక్కసారి నిశ్శబ్దమైంది.

"ఆ...య్!"

తరంగిణి గ్యాలరీలోంచి వెక్కిరింపుగా ఒక గొంతు సాగదీసింది. నవ్వులు. ఇంకో గొంతు కలిసింది. చూస్తుండగానే ఆ వైపు మొత్తం అందుకుంది. "ఆయ్! ఆయ్! ఆయ్!" బల్లల మీద కాళ్లు టపటపలాడిస్తూ, చేతులు కట్టుకుని దొంగవినయంతో వంగుతూ.

దుర్గ చేతిలో బంతి ఆగింది. తులసి లెన్స్‌లోంచి ఆ మొహం చూస్తోంది. దవడ బిగుసుకుంది. బంతి వేసింది. రింగు మీద ఒక చుట్టు తిరిగి బయటికి జారిపోయింది.

అవతల కేరింతలు. "ఆయ్! ఆయ్!" ఇంకా పెద్దగా.

అప్పాయమ్మ క్యారేజీ పక్కన పెట్టి లేచి నిలబడింది. రెండు చేతులూ నోటికి దోనెలా పెట్టుకుని, పడవ మీద నుంచి ఒడ్డున ఉన్నవాళ్లను కేకేసే గొంతుతో అరిచింది.

"దుర్గా...!"

ఆ కేక కప్పుకు తగిలి కిందికి దిగింది. దుర్గ తల ఎత్తింది. అలవాటైన పిలుపు. నోరు దానంతట అదే పలికింది.

"ఆయ్!"

బిగుసుకున్న మొహంలో నవ్వు. ఆ నవ్వు చూసి మొగపాలెం జనం మొత్తం లేచింది. "ఆయ్!" ఈసారి సాగదీయకుండా, వంగకుండా, దెబ్బ కొట్టినట్టు. "ఆయ్! ఆయ్! ఆయ్!" అవతలి గ్యాలరీ ఇంకా అదే మాట అంటూనే ఉంది. కానీ ఇప్పుడు అది ఎవరి మాటో ఎవరికీ తెలియడం లేదు. వెక్కిరిస్తున్నవాళ్లే దుర్గకు జై కొడుతున్నట్టయింది. ఒక్కొక్కరే నోళ్లు మూసుకున్నారు.

దుర్గ రెండోది వేసింది. రింగు ఇనుముకు కూడా తగలకుండా వలలోంచి జారింది. స్కోరు సమం.

తరంగిణి వాళ్లు బంతి తెచ్చారు. కీర్తి వేసింది గురి తప్పింది. మొగపాలెం పొట్టి పిల్ల ఒకతె దాన్ని అందుకుని, ఎవరికీ ఇవ్వకుండా, తల వంచుకుని, కోర్టు పొడవునా పరుగెత్తింది. ఆఖరి హారన్ మోగేలోగా బంతి బోర్డుకు తగిలి రింగులోకి పడింది.

ఇవతలి గ్యాలరీ ఊగిపోయింది. తులసి మీట నొక్కి పట్టే ఉంది.

* * *

బహుమతుల బల్ల మీద నీలం గుడ్డ పరిచారు. సూర్యప్రకాష్ గారు కప్పు దుర్గ చేతికి ఇచ్చారు. ఇవ్వక తప్పదు. ఇచ్చి, కప్పు పిడి ఒకటి తనే పట్టుకుని, రేపటి పేపరుకు సరిపోయే మొహం పెట్టారు. ఆయన మనుషులు ఫోన్లు ఎత్తారు.

దుర్గ మొహం పక్కకు తిప్పేసుకుంది. జట్టు మొత్తం తిప్పేసుకుంది.

"ఇటు చూడమ్మా," అన్నారు చైర్మన్ గారు పళ్ల మధ్యనుంచి.

"తులసక్క తియ్యాలండి," అంది దుర్గ. "అక్క తీస్తేనే చూస్తాం."

"ఎవరు తీస్తే ఏంటమ్మా, ఫొటో ఫొటోయే కదా!"

"కాదండి."

పేపరు విలేకరి గడియారం చూసుకున్నాడు. జిల్లా సంఘం వాళ్లు కూర్చుని చూస్తున్నారు. రెడ్డెప్ప చేతులు కట్టుకుని నిలబడి, గ్యాలరీ వైపు చూపించి, "ఆ అమ్మ అక్కడే ఉండాది గదా సార్, పిలిపించండి" అన్నాడు.

చైర్మన్ గారు తన నోటితోనే పిలవాల్సి వచ్చింది. "తులసీ! ఇలా రామ్మా!"

తులసి మెట్లు దిగి వచ్చింది. తొందరపడలేదు. కోర్టు మధ్యలో కాళ్లు దూరంగా పెట్టి నిలబడి కెమెరా కంటికి ఆనించింది. కుదురుగా నిలబడే మనుషులు. ఇది ఆమె విద్య. ఎంత పెద్ద జమీందారైనా, ఎంత గొప్ప వియ్యంకుడైనా, కెమెరా ముందు నిలబడ్డాక ఫొటోగ్రాఫరు జరగమంటే జరుగుతాడు. ఎందుకని అడిగినవాడు ఇంతవరకూ లేడు.

"పొడుగు పిల్లలు వెనక్కి. పొట్టిపాప, నువ్వు ముందుకి. మాస్టారూ, మీరు ఎడమ చివర. దుర్గా, కప్పు గుండెల దాకా ఎత్తు. అప్పాయమ్మ మామ్మగారూ, మీరూ రండి. ఫర్వాలేదు, చుట్ట ఉండనివ్వండి." ఒక కన్ను మూసి, చెయ్యి గాలిలో ఊపింది. "చైర్మన్ గారూ, తమరు కొంచెం ఎడమ పక్కకి జరగాలండి."

ఆయన జరిగారు.

"ఇంకొంచెమండి. వెలుగు అడ్డమొస్తందండి."

కప్పు పిడి వదిలి జరిగారు.

"కొంచెమేనండి, ఇంకొక్క అడుగు. ఆఁ, అక్కడ. చాలా బాగుందండి. కదలకండి, నవ్వుతూ ఉండండి."

ఆయన చొక్కా సర్దుకుని, గడ్డం కాస్త పైకెత్తి, నిండుగా నవ్వారు.

తులసి మీట నొక్కింది. ఫ్రేము అంచు సరిగ్గా దానం మాస్టారి భుజం దగ్గర ఆగింది. లోపల మొగపాలెం పిల్లలు, వాళ్ల మాస్టారు, వెలిగించని చుట్టతో ఒక ముసలమ్మ, కప్పు. ఇంకెవరూ లేరు.